అక్కే ముందు పలకరించాలి

కారు వెనక తగిలించిన కేరవాన్‌ను వెనక్కి నడపడం కాపురాలు కూల్చే పని. మా ఆయన నీల్స్ ముప్పయ్యారేళ్ళు రైల్వే షెడ్డులో ఇంజన్లు బాగుచేసిన మనిషి. అయినా ఆ పాత డబ్బాను రూయ్‌క్లిప్ ఊళ్ళో, సముద్రం పక్కన కేరవాన్లు నిలిపే పార్కులో, పదిహేడో నంబరు స్థలంలోకి ఎక్కించడానికి ముప్పావుగంట పట్టింది. నేను వెనక నిలబడి చేతులూపుతాను, ఆయన అద్దంలో నన్ను చూసి సరిగ్గా రెండోవైపు తిప్పుతాడు.

"కుడికన్నానా, ఎడమకన్నానా?" అని అరిచాను.

"రెండు చేతులూ ఊపుతున్నావే. విమానం దింపుతున్నావేమో అనుకున్నా."

"ఆ చెట్టును గుద్దెయ్, ఇద్దరికీ ప్రశాంతంగా ఉంటుంది."

"గతేడాది ఈ చెట్టు ఇక్కడ లేదే."

"నడుచుకుంటూ వచ్చింది, నువ్వొస్తున్నావని తెలిసి."

చుట్టుపక్కల గుడారాల వాళ్ళు కుర్చీలు ఇటు తిప్పుకుని మరీ చూస్తున్నారు. ఇంకో రోజయితే సిగ్గుతో చచ్చిపోయేదాన్ని. ఆ రోజు నా ధ్యాసంతా కేరవాన్ లోపల, సింకు కింద, తువ్వాలులో చుట్టిపెట్టిన గాజు సీసా మీద ఉంది. గుడ్ ఫ్రైడేకి మా ఇళ్ళల్లో తినే ఊరవేసిన చేప అది. పసుపు, మసాలా, ఉల్లిపాయ చక్రాలు, వెనిగర్, పైన రెండు నిమ్మాకులు. మా అమ్మ చేసే పద్ధతిలోనే చేశాను. అది మా అక్క కోసం. నలభై ఎనిమిదేళ్ళ తర్వాత అక్క ఎదురుగా నిలబడి "అక్కా" అని పిలవడానికి వచ్చాను. ఆ ఊళ్ళో నాకు ఇంకే పనీ లేదు.

అక్క పేరు హెస్టర్. మా ఇద్దరికీ ఒకే తల్లి, ఒకే తండ్రి. కానీ అక్కది మా నానమ్మ పోలిక. మీగడ రంగు, దువ్వెనకు లొంగే జుట్టు. నేను అమ్మ పోలిక, చూడగానే తెలిసిపోతుంది. ఆ రోజుల్లో మనిషి ఏ బెంచీ మీద కూర్చోవాలి, ఏ నీళ్ళల్లో కాళ్ళు తడుపుకోవాలి, ఎవర్ని పెళ్ళి చేసుకోవాలి అన్నీ సర్కారు కార్డు మీద రాసిన జాతిని బట్టే. తెల్లవాళ్ళది ఒక జాతి, మాలాంటి మిశ్రమ రక్తం వాళ్ళది ఇంకొకటి. ఇరవయ్యో ఏట అక్క రూయ్‌క్లిప్‌లో ఒక బట్టల కొట్లో పనికి చేరింది. కొట్టువాళ్ళు తెల్లపిల్ల అనుకున్నారు. అక్క అవుననలేదు, కాదనీ అనలేదు. ఏడాది తిరిగేసరికి పోస్టాఫీసులో పనిచేసే ఫూరీ అనే తెల్లాయన పెళ్ళి చేసుకుంటానన్నాడు. అక్క దరఖాస్తు పెట్టుకుంది, కార్డు మీద జాతి తెల్లదిగా మారింది.

అమ్మ ఏడ్చిందో లేదో నేను చూడలేదు. నన్ను వంటింట్లో పీట మీద కూర్చోబెట్టి చెప్పింది.

"హెస్టర్ ఎక్కడ కనబడినా తల తిప్పేసుకో. కొట్లో అయినా సరే, చర్చి ముందైనా సరే. అదే ముందు పలకరిస్తే అప్పుడు మాట్లాడు. నువ్వు నోరుజారి అక్కా అన్నావో, దాని కాపురం ఆ పూటతో సరి. పోలీసులొచ్చి మంచం మీంచి లాక్కుపోతారు. అర్థమయ్యిందా మెర్ల్?"

"అర్థమయ్యిందమ్మా."

నాకప్పుడు పద్నాలుగేళ్ళు. అమ్మ నా గడ్డం పట్టుకుని, ఎలా తిప్పుకోవాలో చేసి చూపించింది. విసురుగా కాదు, పక్కన ఏదో ఆసక్తిగా కనబడ్డట్టు, మెల్లగా. రెండుమూడు సార్లు నాతో చేయించింది కూడా.

మేముండేది వూస్టర్‌లో, కొండలకు ఇవతల. ప్రతి ఏడూ జనవరి రెండో తారీఖున మా చర్చి వాళ్ళు లారీ కట్టుకుని సముద్రానికి వెళ్ళేవాళ్ళు. ఏ ఊరి సముద్రానికి వెళ్ళాలో ఓట్లు వేసేటప్పుడు మా అమ్మ రూయ్‌క్లిప్ కోసం ఇల్లిల్లూ తిరిగేది. అక్కడ గాలి ఆరోగ్యమని చెప్పేది. అందరికీ అసలు సంగతి తెలుసు, ఎవరూ అనలేదు. అరవైమంది మనుషులు, ఇరవై పుచ్చకాయలు, వేయించిన కోళ్ళు, ముసలమ్మలకు పరుపులు. తీరాన్ని రెండుగా చీలుస్తూ ఒక బోర్డు ఉండేది. ఇసుక తెల్లవాళ్ళ వైపు, రాళ్ళూ నాచూ మా వైపు.

పదకొండు దాటాక అక్క వచ్చేది, పసుపుపచ్చ టోపీ పెట్టుకుని. మొదటి ఏడు చంకలో పాప, తర్వాత్తర్వాత చెయ్యి పట్టుకుని నడిచే పిల్ల. సరిగ్గా ఆ బోర్డు దగ్గరకు వచ్చేసరికి ప్రతి ఏడూ ఆ పిల్ల చెప్పు పట్టీ ఊడిపోయేది. అక్క వంగి, దాన్ని ఎంతసేపు పెట్టగలదో అంతసేపు పెట్టేది. అమ్మ ఇటువైపు కూర్చుని పుచ్చకాయ కోస్తూ, కత్తి వైపు చూడకుండా కళ్ళెత్తి చూసేది. "పొడుగైంది పిల్ల," అనేది పుచ్చకాయతో. తర్వాత అక్క లేచి వెళ్ళిపోయేది. అదీ మా కలయిక, ఏడాదికొకసారి.

డెబ్భై నాలుగులో అమ్మ పోయింది. శవపెట్టె మీద పెట్టడానికి ఎక్కణ్ణించో పెద్ద పూలచక్రం వచ్చింది, పంపినవాళ్ళ పేరు లేదు. ఆ తర్వాత నేను రూయ్‌క్లిప్ వెళ్ళలేదు. పళ్ళు డబ్బాల్లో నింపే ఫ్యాక్టరీలో పని, పెళ్ళి, పిల్లలు. కొన్నాళ్ళకు ఆ చట్టాలు రద్దయ్యాయి, బోర్డులు పీకేశారు, కొత్త జెండా ఎగిరింది. చట్టం పుస్తకాల్లోంచి పోయింది గానీ నా మెడలోంచి పోలేదు. అక్కే ముందు పలకరించాలి కదా అని కూర్చున్నాను. పలకరించడం లేదంటే మొగుడికి ఇంకా తెలియదన్నమాట, నేనెవర్ని వెళ్ళి చెప్పడానికి? అలా ఒక్కో ఏడే గడిచిపోయింది.

నీల్స్ రిటైరయ్యాక ఈ కేరవాన్ ఎక్కడో చవగ్గా పట్టుకొచ్చాడు. నిరుడు ఈస్టర్‌కి మొదటి ప్రయాణం. "ఎక్కడికి పోదామే?" అంటే నేనేమీ ఆలోచించకుండానే రూయ్‌క్లిప్ అన్నాను. ఒకప్పుడు కంచె బయటినుంచి చూసిన పార్కులో మా కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. మూడోరోజు బన్నుల కోసం బేకరీకి వెళ్ళాను.

లోపల అక్క ఉంది. చేతికర్ర, పక్కన నడివయసు కూతురు. జుట్టంతా తెల్లబడింది, అయినా ఆ కనుబొమలు నాకు తెలియవా? అక్క నన్ను చూసింది. నన్నే చూసింది. నోరు కొంచెం తెరుచుకుంది. ఒకటి, రెండు, మూడు లెక్కపెట్టేంతసేపు నిలబడ్డాను. అక్క ఏమీ అనలేదు. కూతురు పక్కనే ఉంది కదా, పాపం ఇబ్బంది పడుతోంది అనుకున్నాను. మెల్లగా, అమ్మ నేర్పినట్టు, తల తిప్పేసుకున్నాను. అరలో వెనిగర్ సీసా ఉంటే దాని మీద రాసిందంతా చదివాను. తిరిగి చూసేసరికి వాళ్ళు లేరు.

నేనక్కడ ఉంటే అక్కకు ఇబ్బంది అని మర్నాడు ఆరింటికల్లా బయల్దేరదీశాను. కొండ దారి ఎక్కాక నీల్స్ అడిగాడు.

"రెండ్రోజులు ముందే ఎందుకే పారిపోతున్నాం?"

చెప్పాను. గర్వంగానే చెప్పాను, అమ్మ మాట నిలబెట్టానని. ఆయన బండి పక్కకు తీసి ఆపాడు.

"మెర్ల్, ఆ పోలీసులు పోయి పదిహేనేళ్ళు దాటింది. ఇప్పుడు ఎవరి నుంచి దాస్తున్నావే మీ అక్కని?"

ఇంటికెళ్ళాక గిన్నెలు కడుగుతూ ఆలోచించాను, బట్టలారేస్తూ ఆలోచించాను. మా వైపు జూన్‌లో మొదలయ్యే చలికాలమంతా అదే ఆలోచన. రెండుసార్లు ఉత్తరం రాసి చించేశాను. ఎదురుగా అనాల్సిన మాటను పోస్టులో ఎలా వేస్తాం? ఈస్టర్‌కి మళ్ళీ వెళ్దామన్నాను. ఈసారి నేనే ముందు పలకరిస్తానన్నాను. "అమ్మయ్య, ఒక్క ఏడాదిలోనే అర్థమైంది," అన్నాడు నీల్స్.

అదీ సంగతి. కేరవాన్ చక్రాలకు అడ్డు పెట్టాక, గేటు దగ్గర మా పేర్లు రాసుకునే డెల్మేన్ అనే ఆమె రిజిస్టరు పట్టుకుని వచ్చింది. మా వాళ్ళమ్మాయే, మాటకారి. కారు నంబరు రాసుకోబోయి ఆగింది.

"సి.డబ్ల్యూ. వూస్టర్ బండా ఆంటీ? మీ ఊరివాళ్ళ కోసం ఇక్కడ ఒకావిడ ఎంత తిరిగిందో తెలుసా."

"ఎవరు?"

"ఫూరీ గారి ముసలావిడ, తెల్లావిడే. నిరుడు ఈస్టర్ అయ్యాక మొదలుపెట్టింది. రోజూ నాలుగింటికి కర్ర పట్టుకుని వచ్చి, బళ్ళన్నీ చూసుకుంటూ నడిచేది. సి.డబ్ల్యూ. ప్లేటు కనబడితే అక్కడ నిలబడిపోయేది, లోపలున్నవాళ్ళు బయటికొచ్చేదాకా. కాదని తెలిశాక వెళ్ళిపోయేది. అప్పు ఎగ్గొట్టి పారిపోయినవాళ్ళ కోసమేమో అని మేం నవ్వుకునేవాళ్ళం. చలికాలం నుంచీ రావడం మానేసింది. చలికి కాళ్ళు పట్టేసుంటాయి."

నేను కేరవాన్ మెట్టు మీద కూర్చుండిపోయాను. అక్క నా కోసం వెతికింది. మా ఊరి బళ్ళ నంబర్లు చూసుకుంటూ, అందరూ చూస్తుండగా, రోజూ. అరవై రెండేళ్ళ ముసలిదాన్ని, పెళ్ళికూతురిలా ముఖం కడుక్కుని, చర్చి గౌను వేసుకుని, చెవులకు రాళ్ళ కమ్మలు పెట్టుకున్నాను. నీల్స్ వస్తానన్నాడు. వద్దన్నాను. సీసా చంకలో పెట్టుకుని బయల్దేరాను.

అక్క వాళ్ళది పోస్టాఫీసు వెనక ఆకుపచ్చ రేకుల ఇల్లు. చిన్నప్పుడు అమ్మ నాకు దూరం నుంచి చూపించింది. తెల్లవాళ్ళ ఇంటికి వెళ్ళే పాత అలవాటున వెనక తలుపుకు వెళ్ళబోయాను, కాళ్ళు వాటంతటవే అటు తిరిగాయి. ఛీ అనుకుని ముందు తలుపు కొట్టాను. కూతురు తీసింది. ఆమె చూపు ముందు సీసా మీద పడింది.

"చేపలా ఆంటీ? ఈ ఏడు వద్దు. ఇంట్లో తినేవాళ్ళెవరూ లేరు."

పండగ ముందు చేపలమ్మేవాళ్ళు గడప గడపకీ తిరుగుతారు, ఆమె తప్పేం లేదు. నా మెడ అప్పుడే పక్కకు తిరగడం మొదలెట్టింది. ఆపాను.

"అమ్మడానికి రాలేదమ్మా. మా అక్కను చూడ్డానికి వచ్చాను."

ఆమె తలుపు పట్టుకుని నా ముఖంలోకి చూసింది. నా కనుబొమలు చూసింది.

"మెర్ల్ పిన్నేనా మీరు?" అంది.

నా పేరు తెలుసు ఆమెకు. అంత సంతోషం నా పెళ్ళినాడు కూడా నాకు కలగలేదు. కానీ ఆమె నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. తలుపు పక్కన గొడుగుల డబ్బాలో చేతికర్ర ఉంది. దాని పిడి మీద సన్నగా దుమ్ము.

"అమ్మ జూలైలో పోయింది పిన్నీ. నిద్దట్లోనే."

కుర్చీ ఎప్పుడు వేసిందో, ఎప్పుడు కూర్చున్నానో తెలియదు. ఆ అమ్మాయి పేరు అనేలీ. నా ఎదురుగా కింద కూర్చుని, నా గౌను అంచు పట్టుకుని చెప్పింది.

"మా నాన్న పోయిన మరుసటేడు అమ్మకు పక్షవాతం వచ్చింది. కాలు బాగుపడింది, మాట మాత్రం సరిగ్గా తిరిగి రాలేదు. అన్నీ అర్థమయ్యేవి, చెప్పాలంటే మాట దొరికేది కాదు. నీళ్ళు అడగడానికి పది నిమిషాలు పట్టేది ఒక్కోసారి. ఆ రోజు బేకరీలో నా చెయ్యి పట్టుకుని నొక్కేసింది. ఏం కావాలమ్మా అంటే నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. అరల దగ్గర ఎవరో సీసా చదువుకుంటున్నారు. మీరే."

"వెనిగర్ సీసా," అన్నాను.

"సాయంత్రం టీ తాగుతుంటే ఆ మాట బయటికొచ్చింది. 'చెల్లి' అంది. ఎవరి చెల్లెలమ్మా అంటే 'నాది' అంది. నాకు నలభై ఆరేళ్ళు పిన్నీ. మా అమ్మకు ఒక చెల్లెలుందని ఆ సాయంత్రం దాకా నాకు తెలియదు. రాత్రి పడుకునేలోపు ఒక్కో ముక్కే చెప్పింది, మీ అమ్మ సంగతి, లారీ సంగతి. పొద్దున్నే పార్కుకి పరిగెత్తాను. ఆరింటికే వెళ్ళిపోయారన్నారు."

"మరి నన్ను వెతకలేదేమ్మా? మా చర్చికి ఫోన్ చేసినా దొరికేదాన్ని కదా."

"చేస్తానన్నాను. ఒప్పుకోలేదు. 'ముందు నేను పలకరించాలి, అమ్మ చెప్పింది. నేను పలకరించలేదు, అందుకే వెళ్ళిపోయింది. దాని తప్పు లేదు. మళ్ళీ వస్తుంది' అంది. ఇంతా చెప్పడానికి ఒక పూట పట్టింది పాపం."

మా అమ్మ ఏ పీట మీద నన్ను కూర్చోబెట్టిందో అదే పీట మీద అక్కను కూడా కూర్చోబెట్టి ఉంటుంది. నాకు తల తిప్పుకోమని చెప్పింది, దానికి నువ్వే ముందు పలకరించాలని చెప్పింది. ఇద్దరం బుద్ధిమంతులం, ఇద్దరం అమ్మ మాట జవదాటలేదు.

అనేలీ కళ్ళు తుడుచుకుని ఇంకా చెప్పింది.

"రోజూ పొద్దున్న టీకి ముందు అద్దం దగ్గర కూర్చునేది. 'మెర్ల్, నేనే' అనడానికి. ఆ రెండే మాటలు. మొదట్లో చెమటలు పట్టేవి, గంటకు కూడా వచ్చేవి కాదు. జూన్ వచ్చేసరికి ఒక్క ఊపిరిలో అనేసేది. ఈసారి ఆలస్యం చెయ్యను అని వేలు చూపించేది. నన్ను తలుపు దగ్గర నిలబెట్టేది, నువ్వు మెర్ల్‌వి అని. నేను లోపలికి వచ్చేలోపు అనేసి నవ్వేది."

ఏడుపు రాలేదు నాకు. ముందు కోపం వచ్చింది, అమ్మ మీద, ఆ కార్డులు రాసిన చేతుల మీద, ఆ వెనిగర్ కంపెనీ సీసా మీద అన్ని అక్షరాలు రాసినందుకు. తర్వాత అదంతా పోయి నేనొక్కదాన్నే మిగిలాను. మాటలు రాని మనిషి మాట కోసం తడుముకుంటుంటే, మూడు లెక్కపెట్టి మొహం తిప్పుకున్నదాన్ని. పదిదాకా లెక్కపెట్టి ఉంటే నా చెయ్యి పట్టుకునేది అక్క. అప్పుడు ఏడ్చాను. అనేలీ నా తల తన భుజాన వేసుకుంది.

కాసేపటికి ఆమె సీసా మూత తీసింది. వాసన చూసి ఆగిపోయింది.

"నిమ్మాకు. అమ్మ కూడా ఇదే వేసేది. ఇక్కడెవరూ వెయ్యరు. ఎవరు నేర్పారమ్మా అంటే, ఒక బట్టలుతికే ఆవిడ నేర్పిందనేది."

"అబద్ధం చెప్పలేదు," అన్నాను. "మా అమ్మ పదకొండు ఇళ్ళకు బట్టలుతికింది."

"మరి ఆ చెప్పు పట్టీ?" అంది హఠాత్తుగా. "తీరానికి వెళ్ళినప్పుడు నా చెప్పు బాగానే ఉన్నా అమ్మ వంగి పట్టీ విప్పి మళ్ళీ పెట్టేది. ఎంతకీ అయ్యేది కాదు. నేను గొడవ చేసేదాన్ని."

"నిన్ను చూపించేది," అన్నాను. "అమ్మమ్మ అటువైపు పుచ్చకాయ కోస్తూ ఉండేది."

సమాధి దగ్గరికి రేపు తీసుకెళ్తానని చెప్పింది. ఇంట్లోనే పడుకోమంది. నాకు శక్తి లేదు, నీల్స్ దగ్గరికి వెళ్తానన్నాను. పార్కుకి నడిచి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. నా ముఖం చూసి ఆయన కెటిల్ పొయ్యి మీద పెట్టాడు. అంతా విన్నాక అన్నాడు:

"ఆ కొండ దగ్గరే బండి వెనక్కి తిప్పాల్సింది నేను."

"నీకు వెనక్కి తిప్పడం ఎక్కడొచ్చు," అన్నాను. ఇద్దరం నవ్వబోయాం గానీ నవ్వు రాలేదు.

మర్నాడు గుడ్ ఫ్రైడే. పార్కంతా పొద్దున్నే లేచింది. పళ్ళు తోముకునేవాళ్ళు, బకెట్లు పట్టుకుని కుళాయి దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళు, తెల్లవాళ్ళూ మా వాళ్ళూ అందరూ ఉన్నారు. నేనూ వరసలో ఉన్నాను. గేటు దగ్గర నల్ల గౌనులో అనేలీ కనబడింది, చేతిలో పూలు. బళ్ళ నంబర్లు చూసుకుంటూ వస్తోంది. నన్ను చూసింది. అంతమంది మధ్యలోంచి, అంత దూరం నుంచి, గొంతు చించుకుని పిలిచింది.

"మెర్ల్ పిన్నీ, నేనే."

వరసలో వాళ్ళందరూ ఆ తెల్లామె వైపు, తర్వాత నా వైపు చూశారు. నా మెడ అటు తిరిగిపోయింది, కుళాయి వైపు. నలభై ఎనిమిదేళ్ళుగా తిరుగుతున్న మెడ, నన్ను అడగలేదు. బకెట్ కింద పెట్టి, దాన్ని బలవంతంగా ఇటు తిప్పుకున్నాను.

"ఇక్కడున్నానమ్మా," అన్నాను, అందరికీ వినబడేలా.